ఏం వరస?

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఏడుగురు. శ్రీసుధ, అమ్మ, నాన్న భాస్కరం, నాయనమ్మ సీతారామలక్ష్మి. రామచంద్రపురం నుంచి పెళ్ళిచూపులకి వచ్చిన లక్ష్మీదుర్గ, ఆవిడ భర్త, వాళ్ళబ్బాయి శరత్‌చంద్ర.

శ్రీసుధని అమ్మకీ నాయనమ్మకీ మధ్య చాప మీద కూర్చోబెట్టారు. వెనక గోడ. ఎదురుగా పెళ్ళివారు. కదలడానికి లేదు. ఫ్యాను తిరుగుతున్నా జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. పొద్దున్నించి ఒక్క ముద్ద దిగలేదు. పెళ్ళికొడుకు వైపు ఒక్కసారి కూడా తలెత్తలేదు.

"మా సుధకి సిగ్గెక్కువండి," అంది అమ్మ.

"పోనీలెండి. ఇద్దరికీ సరిపడా నోరు నాకుంది కదా!" అంది లక్ష్మీదుర్గ.

అందరూ నవ్వారు.

జాతకాలు కలిశాయి. గోత్రాలు వేరు. తాంబూలాల పళ్ళెం తెమ్మని భాస్కరం భార్యకి సైగ చేశాడు. శ్రీసుధ చీర అంచుని వేలికి బిగించి చుట్టుకుంది. ఇంకో పది నిమిషాలు. అంతే, అయిపోతుంది.

"మనం మరీ బయటివాళ్ళం కాదండోయ్," అంది లక్ష్మీదుర్గ. "ఈ సంబంధం సంగతి చెప్పిందే మావాడు. పోయిన మా అత్తగారికీ మీకూ ఏదో చుట్టరికమంట."

"ఏం చుట్టరికం?" అంది నాయనమ్మ.

"దూరపుదేనండి. కజిన్స్," అన్నాడు శరత్‌చంద్ర గబగబా.

నాయనమ్మ వక్క నమలడం ఆపింది. ఆ ఊళ్ళో ఏ శుభలేఖైనా అచ్చుకి వెళ్ళేముందు వరసలు సరిచూడమని ఆవిడకే చూపిస్తారు.

"కజినేంటి నాయనా! ఆ మాటకి వావీ లేదు, వరసా లేదు. మేనత్త కొడుకూ కజినే, పెదనాన్న కొడుకూ కజినే. ఒకడు బావ, ఒకడు అన్న. మీ నాయనమ్మ పేరేంటి?"

"నాయనమ్మా, నీ మాత్ర టైమైంది." శ్రీసుధ నోరు విప్పడం అదే మొదలు.

"ఉండవే!"

"రామతులసండి," అన్నాడు శరత్‌చంద్ర తండ్రి. "నా చిన్నప్పుడే పోయింది. అటువైపు వాళ్ళెవరూ నాకు తెలీదు."

నాయనమ్మ ముందుకి వంగి ఆయన మొహంలోకి చూసింది.

"రామతులసి మా పెద్దమ్మ కూతురయ్యా. నాకు అక్క. నన్ను చంకనేసుకుని తిప్పింది." కళ్ళు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది. "భాస్కరం, ఈయన నీకు అన్నయ్య రా. పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ళు."

పళ్ళెం అమ్మ చేతుల్లోనే ఆగిపోయింది.

"ఎంత పని జరిగిపోయేదండీ!" లక్ష్మీదుర్గ లెంపలు వేసుకుంది. "మీరు గుచ్చి గుచ్చి అడగబట్టి గట్టెక్కాం అత్తయ్యగారూ."

భాస్కరం లేచి కొత్తగా దొరికిన అన్నగారి చేతులు పట్టుకున్నాడు. భోజనం చేసి వెళ్ళమని బతిమాలాడు. ఇంకోసారి వస్తామని వాళ్ళు లేచారు.

"అలా గోడకి అతుక్కుపోయావేంటే? వెళ్ళి పెదనాన్నగారిని సాగనంపు," అంది నాయనమ్మ.

శ్రీసుధ గుమ్మం దాకా వెళ్ళింది.

అందరికన్నా చివర గడప దాటిన శరత్‌చంద్ర "ఉంటాను చెల్లెమ్మా" అని, మూడేళ్ళుగా కాకినాడ బస్సులో ఆమె కోసం పక్కసీట్లో రుమాలు వేసి ఉంచిన చేత్తోనే తలుపు మూసేశాడు.