తుయారైట్

"ఈ ఖనిజానికి వదిన పేరే పెడుతున్నాం అన్నా," అంటూ కెస్కిల్ హీటరు ఫ్యాను ఆపేశాడు, గాలికి ఆ నీలి రేణువు ఎగిరిపోకుండా. డబ్బా మీద 'తుయారైట్' అని చీటీ అప్పుడే అంటించి ఉంది.

సైబీరియాలోని యాకుత్స్క్ ప్రయోగశాలలో, చనిపోయిన నా భార్య తుయారా దగ్గర పని నేర్చుకున్నవాడు కెస్కిల్. ఎన్నడూ మంచు కరగని నేలను తవ్వి, ఈ కొత్తరకం అల్యూమినియం ఆక్సైడును ఆమే కనిపెట్టింది. ఆ చలికి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకుంది.

"డైరెక్టరు ఒప్పుకున్నాడా?"

"ఆయన మాటే ఇది. కాకపోతే, కనిపెట్టినవాళ్లు తమ పేరు పెట్టుకోకూడదుగా. అందుకని కనిపెట్టినవాళ్లలో వదిన పేరు తీసేస్తారు."

"మరి ఎవరు కనిపెట్టినట్టు?"

"ఆయనే."

"ఆ మంచులో ఎప్పుడైనా కాలు పెట్టాడా?"

"ఆయనకి చలి పడదు కదన్నా."

ఇద్దరం నవ్వాం.

"నేను కాదంటే?"

"వ్యాసం బయటికి పోనివ్వడు. ఈ రేణువు పేరు లేకుండానే పడి ఉంటుంది."

"ఉండనీ. దొరికింది మాత్రం ఆమెకే."

కెస్కిల్ డబ్బాను దగ్గరికి తీసుకున్నాడు. దాని మీది చీటీని చిరగకుండా గోటితో మెల్లగా ఊడదీసి, నా అరచేతిలో పెట్టాడు.