ముక్కుకు అందని అన్నం

క్యాంటీన్లో ఒక్క భోజనం చేస్తే సగం రోజు జీతం పోతోంది. అలాగని ఇంటి నుంచి బాక్సు తేకూడదు, ఆఫీసులతో క్యాంటీన్ల ఒప్పందం అలాంటిది. విశాఖలో ఏ ఆఫీసు గేటుకైనా ఇప్పుడు వాసన పట్టే యంత్రం ఉంది. అందరూ దాన్ని ముక్కు అంటారు. నేను రెండుసార్లు దొరికాను. ఇంకోసారి దొరికితే ఉద్యోగం ఉండదు.

ముక్కుకు అందనిది చల్లటి పెరుగన్నం ఒక్కటే. పెళ్లయి నెల తిరగలేదు, మా ఆయన శశాంక్ రోజూ తనే కలిపి పెడతాడు. బాక్సు అందిస్తూ "జాగ్రత్త" అంటాడు. ఆ మాటకే నాకు సగం కడుపు నిండుతుంది.

ఈరోజు గేటు ముందు వరుసలో నిలబడి, ముచ్చటేసి మూత కాస్త తీశాను. గుప్పుమంది. ఆవాలు, కరివేపాకు, ఇంగువ! నేను చప్పిడి తినలేకపోతున్నానని జాలిపడి తాలింపు పెట్టేశాడు. చటుక్కున మూత మూసేశాను.

"ఏటమ్మా కొత్త పెళ్లికూతురా, మళ్లీ తెచ్చీసినావా?" అంది కాపలా ఉండే అప్పలనరసమ్మ. "ఆ చెత్తడబ్బాలో పడీసి రా, బేగి!"

"ఇక్కడే తినేసి వస్తానక్కా."

"నోటి వాసన కూడా పట్టీస్తాది అది."

కళ్లు మూసుకుని బాక్సుతో సహా పడేశాను.

మధ్యాహ్నం నీళ్లు తాగి కూర్చుంటే శశాంక్ ఫోన్ చేశాడు.

"తిన్నావా? ఎలా ఉంది?"

ఆ గొంతులో సంబరం విన్నాక నిజం చెప్పడానికి మనసొప్పలేదు.

"చాలా బాగుంది," అన్నాను.

"చూశావా, ముక్కును బోల్తా కొట్టించాం! రేపు ఆవకాయ అన్నం పెడతా."