తొమ్మిదో నంబరు చొక్కా

బాస్కెట్‌బాల్ కోచ్ తొమ్మిదో నంబరు చొక్కాను, జట్టంతా ‘నకలు’ అని పిలిచే అమ్మాయి ముందుకు విసిరాడు. రేపటి ఫైనల్లో ప్రత్యర్థి జట్టుకు ప్రాణమైన అమ్మాయి నంబరు అది.

ప్రాక్టీసులో ‘నకలు’ పని అదే. ఏ కాలేజీతో పోటీ ఉంటే, అక్కడి మేటి ఆటగత్తెను వీడియోల్లో చూసి మక్కికి మక్కి ఆమెలా ఆడి చూపించాలి. నకలును ఆపడం నేర్చుకుని మిగతావాళ్లు వెళ్లి గెలుచుకొస్తారు. మూడేళ్లుగా ఓటమన్నదే లేదు.

ఈసారి నకలు చొక్కా అందుకోలేదు.

“సార్, ఇదే నా ఆఖరి ఏడాది. రేపు ఒక్క ఐదు నిమిషాలు నన్ను ఆటలోకి దింపండి.”

“దానికేం భాగ్యం! అచ్చంగా నీలా ఒక్క బాస్కెట్ వేసి చూపించు.”

నకలు పరిగెత్తి, ఎగిరి బంతి వేసింది. పడింది.

“అది పోయినవారం మనం ఓడించిన పొడుగుపిల్ల షాట్,” అంది కెప్టెన్.

మళ్లీ వేసింది. మళ్లీ పడింది.

“ఇది రేపటి తొమ్మిదో నంబరుది! ఆ ఎడంకాలు చూడండే!” జట్టంతా పగలబడి నవ్వింది.

మూడోసారి బంతి పట్టుకుని నిలబడిపోయింది. చేతులు లేవలేదు.

“చేరినప్పుడు నీకంటూ ఒక షాట్ ఉండేది. బాగుండేది కూడా,” అన్నాడు కోచ్. “మాన్పించడానికి నాకు ఏడాది పట్టింది.”

“ఎందుకు సార్?”

“బాగా ఆడేవాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. నీలాంటిది మా ఒక్కరి దగ్గరే ఉంది.”

నకలు వంగి, కింద పడున్న చొక్కా తీసి తొడుక్కుంది.

కెప్టెన్ ప్రేమగా భుజం తట్టింది. “ఇవాళ ప్రాణం పెట్టి ఆడవే. రేపు మేం ఓడించాల్సింది నిన్నే.”