పదమూడో ఇల్లు

"అమ్మా, ఈ ఇంట్లోకి వరద నీళ్లొస్తాయా?"

వాకిట్లో గిన్నెలు తోముతున్న ముసలమ్మ తలెత్తింది.

"కొంతావేటి బాబూ?"

"చూస్తున్నాను."

"వస్తాది. నాగావళి పొంగినప్పుడల్లా వస్తాది. కిందటిసారి సేపలు మంచం కింద తిరిగినాయి. అద్దె కట్టకుండా నాలుగు రోజులున్నాది ఏరు."

ఆమె నవ్వింది. మోహనకృష్ణ నవ్వలేకపోయాడు. ఆరు నెలల్లో ఇది పదమూడో ఇల్లు. ఇరవయ్యేళ్ల పీఎఫ్ డబ్బు చేతిలో ఉంది. కొనడం ఒక్కసారే.

"బ్రోకరు రావన్నాడే?"

"ఆడి కమీషను ఆడిది. పిల్లలున్నోడిలాగున్నావు, అడిగినావు కాబట్టి సెప్తన్నాను. ఆ గోడ సూడు."

నడుమెత్తు దాకా గోడకు సున్నం ఊడిపోయి ఉంది.

అతను నమ్మాడు. మరుక్షణమే అనుమానించాడు. అద్దెకున్న మనిషి. ఇల్లు అమ్ముడైతే ఖాళీ చెయ్యాలి. అందుకే బెదరగొడుతోంది.

అలా అనుకోగానే అలసట కాస్త తగ్గింది.

సాయంత్రం బ్రోకరు ఎల్లాజీకి ఫోన్ చేశాడు.

"నీళ్లొస్తాయట కదయ్యా!"

"ఎవులు సెప్పినారు సార్?"

"ఎవరో చెప్పారులే. రెండు లక్షలు తగ్గిస్తేనే కొంటాను."

"ఓనరింట్లో మనిషి డయాలసిస్ మీదున్నాడు సార్. అవసరానికి అమ్ముతన్నారు. అంత తగ్గించమంటే..."

"అడిగి చూడు."

పది నిమిషాల్లో ఎల్లాజీయే ఫోన్ చేశాడు.

"ఒప్పీసుకున్నారు సార్! మారు మాటాడనేదు. అడిగినోడు నాయంగానే అడిగినాడు అన్నారు."

భార్య హేమ నమ్మలేనట్టు చూసింది.

"నీళ్లొస్తాయని తెలిసీ కొంటావేటి?"

"పునాది లేపిద్దాం. ఇంక తిరగలేను హేమా."

నిజం తెలియడం వేరు, దాన్ని వాడుకోవడం వేరు. రెండోదే తెలివి అనిపించింది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

వారం తిరక్కుండానే రిజిస్ట్రేషన్. డబ్బు ముందురోజే ఓనరు ఖాతాలో పడిపోయింది. మోహనకృష్ణ చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. పెన్ను మూత బిగించాడు.

"అమ్మేవారు... గురమ్మ గారు, రండి," గుమాస్తా పిలిచాడు.

గోడవార బెంచీ మీద, సూదులు గుచ్చిగుచ్చి ఉబ్బిన భర్త చేతిని తన ఒళ్లోంచి మెల్లగా తీసి పక్కన పెట్టి, అతను అద్దెమనిషి అనుకున్న ముసలమ్మ లేచింది.