పైదొడ్డి మేకలు

వాగు పొంగి మిల్లు వంతెన కొట్టుకుపోయిన ఏడు అది. ఆ వరదలోనే గొనారు అనే కాపరి మేకలు నలభై పోయాయి. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. కొండమీదుండే అతని నేస్తం తొతోరె మేకలకి మాత్రం మెడగంటలు కూడా తడవలేదు.

అది చాలదన్నట్టు, నెల తిరిగేసరికి తొతోరె పైదొడ్డి కొత్త మేకలతో నిండిపోయింది.

"ఎక్కడివిరా ఇన్ని?" అన్నాడు గొనారు.

"వచ్చాయిలే."

"ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?"

"అలాంటిదే అనుకో. కూర్చో, జున్ను తిను." తొతోరె మొహం అటు తిప్పుకుని జున్ను కోస్తున్నాడు.

"నీ జున్ను నువ్వే మింగు. నా వాళ్లకి పాలచుక్క లేదు, నీకు దొడ్డి చాలడం లేదు."

"కోపమెందుకురా? రేపు పండగ..."

"పండగ నీకు."

గొనారు విసవిసా దిగొచ్చేశాడు. ఇంటికొచ్చినా ఆ మేకల అరుపులే చెవుల్లో. మెతుకు దిగలేదు.

పైదొడ్డిని ఆనుకునే సర్కారు అడవి. సీసా బిరడాలకి బెరడిచ్చే చెట్ల మధ్య పాతకాలపు రాతిబురుజు, దాని చుట్టూ కంచె. మేకలు గోడలెక్కి రాళ్లు దొర్లిస్తాయని గట్టి కట్టడి. లోపల మేక దొరికిందా, బందెలదొడ్డికే. అక్కణ్ణించి వేలానికి. సొంతదారు కాళ్లమీద పడ్డా తిరిగి రాదు.

మధ్యాహ్నం ఊరంతా తలుపులేసుకుని పడుకుంది. గొనారు అడవి వెనకనించి పాక్కుంటూ వెళ్లాడు. కంచె తలుపు తీశాడు. పైదొడ్డికి అడ్డంపెట్టిన ముళ్లకంప లాగేశాడు. లోపలికి తొంగి చూడలేదు. చూస్తే కడుపు మండుతుందని. బురుజుమీది తీగల వాసనకి మేకలు వాటంతటవే పోతాయి. పోయాయి.

సాయంత్రం అడవి గార్డులు వాటిని తోలుకుపోతుంటే కిటికీలోంచి చూశాడు. నెలరోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, పండగ చొక్కా తొడుక్కుని బందెలదొడ్డికి వెళ్లాడు. తొతోరె అక్కడే నేలమీద కూలబడి ఉన్నాడు. కళ్లు వాచిపోయాయి.

"నావి కావమ్మా," అంటున్నాడు గార్డమ్మతో.

"నీ దొడ్డిలోవే కదయ్యా?"

"ఒప్పుకోరాదూ!" అన్నాడు గొనారు గోడకి చేరబడి. "నిన్నటిదాకా మురిసిపోయావుగా!"

తొతోరె వాడివైపు చూసి తల దించుకున్నాడు. "ఊళ్లో గడపగడపకీ తిరిగానమ్మా. ఇంటికొకటి ఇచ్చారు. ఇవాళ పండగపూట ఒకరి వాకిట్లోకి తోలుదామనుకున్నాం. నా దొడ్డిలో ఉంచానంతే."

"ఒకరంటే ఎవరు?"

తొతోరె అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పకపోతే చెవులు చెబుతాయిలే." గార్డమ్మ ఒక మేకని కొమ్ముపట్టి లాగి, చెవులు వెనక్కి తిప్పింది. "మొన్నో నిన్నో కోసినట్టున్నారు, ఇంకా పచ్చిగానే ఉంది. కుడిచెవికి రెండు గాట్లు, ఎడమచెవికి చీలిక. అన్నిటికీ అదే. ఎవరి మంద గుర్తయ్యా ఇది?"

గొనారు గోడ వదిలి, టోపీ తీశాడు.

"నాదమ్మా."