ఒక్కపూట మొగుడు

"నన్ను మీ ఆయనని చెబితే కుదరదమ్మా. మా ఆవిడ చంపేస్తుంది," అన్నాడు ఆటో డ్రైవరు.

"లోపలికొచ్చి తలూపితే చాలు అన్నా!"

"అన్నా అంటూనే మొగుణ్ణి చేసేస్తున్నావు!" తల గోక్కుంటూ వెనకే నడిచాడు.

కడుపు తీయించుకోవాలంటే భర్త వచ్చి సరేననాలని ఆస్పత్రి నర్సు పొద్దున్నే తేల్చి చెప్పింది.

ఆటోలో వచ్చిన ఆమెకు అప్పటికే ఇద్దరు పిల్లలు. భర్తకు మూడో బిడ్డ కావాలి. రేపు క్యాంపు నుంచి వచ్చేస్తాడు. వచ్చాడంటే గడప దాటనివ్వడు.

బెంచీ మీద కూర్చున్న ఓ పెద్దావిడ ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"ఈయనెందుకమ్మా? నీ ఒంటి సంగతి నువ్వు చెబితే చాలు. అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు."

ఆమెకు ఒళ్ళు మండింది. గుట్టుగా కానిచ్చుకుందామంటే ఈవిడొకతె!

"మీరేమైనా లాయరా?"

"కాదు. మోకాళ్ళ నొప్పులకొచ్చా."

"అయితే వాటి సంగతి చూసుకోండి. నా పని చెడగొట్టకండి. పడేవాళ్ళకి తెలుస్తుంది!"

పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని లేచి, మెల్లగా నర్సు దగ్గరికి వెళ్ళింది.

"ఇంత మనిషిని పట్టుకుని మొగుణ్ణి తెమ్మంటావేంటమ్మా?"

"ఇక్కడి పద్ధతంతే ఆంటీ. మధ్యలో మీకెందుకు?"

"ఆ పద్ధతి చెల్లదని పెద్ద కోర్టు ఎప్పుడో చెప్పింది. డాక్టరమ్మని పిలువు, ఆవిణ్ణే అడుగుదాం."

గొడవ విని డాక్టరమ్మ బయటికొచ్చింది. పెద్దావిడను చూసి ఒక్కక్షణం ఆగింది. తర్వాత డ్రైవరు పక్కనున్న ఆమె వైపు తిరిగింది.

"మీకు ఇష్టమేనా?"

ఇన్నాళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"ఇష్టమే డాక్టర్."

"అయితే రండి లోపలికి."

"బతికించావు తల్లీ!" పెద్దావిడకు దణ్ణం పెట్టి, డ్రైవరు ఒక్క పరుగున ఆటో ఎక్కాడు.

పరీక్షలయ్యి, మాత్ర వేసుకుని ఆమె డాక్టరమ్మతో బయటికొచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

"ఆ పెద్దావిడ ఏరండీ? నోటికొచ్చినట్టు అనేశాను. ఓ మాట చెప్పుకోవాలి."

"వెళ్ళిపోయినట్టున్నారు. ఆవిడ మా డాక్టర్లందరికీ తెలుసు. ఒకప్పుడు మీలాగే కడుపుతో ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. మొగుడు ఒప్పుకోలేదని అందరూ తిప్పి పంపితే కోర్టుకెక్కారు. ఆ తీర్పు వచ్చింది ఆవిడ కేసులోనే."

"అయితే గెలిచారన్నమాట!"

"గెలిచారు," డాక్టరమ్మ గొంతు తగ్గింది. "తీర్పు వచ్చేనాటికి ఆవిడ ఒళ్ళో బిడ్డ పాలు తాగుతోంది."