జేబులో రింగు

అక్కా, కారు స్టీరింగ్ రాడ్డు మొత్తం విప్పి, బేరింగులు మార్చి, గ్రీజు పెట్టి మళ్లీ ఎక్కించేశాం. చివర్లో పెట్టే లాక్ రింగు ఒక్కటే కనపడట్లేదు. అది లేకుండా బండి తియ్యకూడదు.

కనపడకపోవడమేంటి, నా జేబులోనే ఉంది. అమ్మే దాచమంది. "మీ నాన్న మొన్న కళ్లు తిరిగి బజార్లో పడ్డ మనిషి. డాక్టర్ వద్దన్నా బండి తోలతానంటాడు. నా మాట వింటాడా?" అంది.

నాన్నేమో పది రోజులుగా మోకాళ్ల మీద షెడ్డంతా తడుముతున్నాడు. "నీ వయసులో నేను చీకట్లో సూది ఏరేవాణ్ణిరా. సరిగ్గా చూడు" అంటాడు. నేనూ పక్కనే వంగి వెతుకుతున్నా. సిగ్గుతో చచ్చిపోతున్నా అక్కా.

ఇవాళ ఇక నా వల్ల కాలేదు. ఇచ్చేద్దామని జేబులో చెయ్యి పెట్టా. అప్పుడే నాన్న చెమట తుడుచుకుందామని రుమాలు లాగాడు. దాంతో పాటు ఆయన జేబులోంచి చిన్న కవరు కింద పడింది. అందులో కొత్త లాక్ రింగు, వారం కిందటి బిల్లుతో సహా షాపులో ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది.

నాన్న దాని మీద కాలేశాడు. నా మొహం చూడలేదు.

"ఇవాళా దొరకలేదు కదా?"

"లేదు నాన్నా."

"సర్లే. అమ్మ అడిగితే అదే చెప్పు" అన్నాడు. కాలు మాత్రం తియ్యలేదు.